క్లిప్పులు తీసి అలైనర్లు వేయిస్తే పంటి వేర్లు కరగడం ఆగుతుందా?

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. ఎత్తుపళ్లకు పైదవడలో రెండు పళ్లు తీసి క్లిప్పులు వేశారు. తొమ్మిది నెలలకు తీసిన ఎక్స్-రేలో ముందుపళ్ల వేర్ల చివర్లు కొద్దిగా కరిగాయని డాక్టరుగారు చెప్పారు. నొప్పి ఏమీ లేదు. పళ్లకు తొడిగి తీసుకోగల పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు, అంటే అలైనర్లయితే ఇలా జరిగేది కాదని తెలిసినవారు అంటున్నారు. మార్పించమంటారా?

జవాబు: నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా అడగడం మంచిదైంది. వేరు కరగడం నొప్పి పెట్టదు, ఎక్స్-రే తీస్తేనే బయటపడుతుంది.

పంటి వేరుకూ ఎముకకూ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మందాన ఒక నారపొర ఉంటుంది. పంటిని తోసినప్పుడు, అది క్లిప్పు తోసినా అలైనర్ తోసినా, ఆ వైపు పొర నలిగి, రక్తప్రసరణ తగ్గి, అక్కడక్కడ కణాలు చనిపోతాయి. వాటిని తొలగించడానికి చేరిన కణాలే పక్కనున్న వేరు పైపొరను, అంటే సిమెంటాన్ని కూడా కొంత తినేస్తాయి. ఒత్తిడి తగ్గితే ఆ గుంటలు చాలావరకు పూడుకుంటాయి గానీ, పొట్టిబడిన కొన మాత్రం తిరిగి పెరగదు.

అలైనర్లను తిండికీ బ్రషింగుకూ తీస్తారు కనుక పొరకు కాస్త విశ్రాంతి దొరుకుతుందన్న మాటలో అర్థం ఉంది. రెండింటినీ పోల్చిన పరిశోధనల్లో కొన్ని అలైనర్లతో నష్టం తక్కువన్నాయి, మరికొన్నింటిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అయితే అలైనర్లు తరచుగా తేలికపాటి వంకరలకే వాడతారు. మీ అమ్మాయికిలా పళ్లు తీసి, ముందుపళ్లను బాగా వెనక్కి లాగవలసిన చోట, ఎంత దూరం, ఎంత బలంతో, ఎన్నాళ్లు జరిపారన్నదే పరికరం కన్నా ముఖ్యమని నా అభిప్రాయం. కాబట్టి ఇప్పుడే మార్పించనక్కరలేదు.

ముందు చేయవలసింది మొదటి ఎక్స్-రేనూ ఇప్పటిదాన్నీ పక్కపక్కన పెట్టించి చూడడం. సూదిగా ఉన్న కొన అరిగిన పెన్సిలు మొనలా మొద్దుబారిందా, లేక వేరు మొత్తమే పొట్టిదైందా అన్నది అక్కడ తెలుస్తుంది. దవడ మొత్తం కనబడే ఎక్స్-రేలో, పళ్ల వాలు మారినప్పుడు వేరు ఉన్నదానికన్నా పొట్టిగా కనబడవచ్చు కనుక, ఆ పళ్లకు విడిగా చిన్న ఎక్స్-రే తీయించడం మేలు. నష్టం 1, 2 మిల్లీమీటర్లలోపే ఉంటే పంటి పట్టుకు ఢోకా లేదు, ఎందుకంటే వేరు కొన వైపుకు సన్నబడుతూ పోతుంది, పట్టులో ఎక్కువ భాగం చిగురు వైపే ఉంటుంది. వేరులో మూడో వంతు పోయేంత తీవ్రత కొద్దిమందిలోనే కనిపిస్తుంది.

కరగడం స్పష్టంగా ఉంటే తీగ బలం ఆపి రెండు మూడు నెలలు పళ్లకు విశ్రాంతి ఇవ్వడం, ఆ తర్వాత తక్కువ బలంతో కొనసాగించడం, అవసరమైతే అనుకున్నదానికన్నా ముందే చికిత్స ముగించడం గురించి డాక్టరుగారితో మాట్లాడండి. పళ్లను జరపడం ఆగిపోతే కరగడం కూడా సాధారణంగా ఆగిపోతుంది. చిన్నప్పుడు ఎప్పుడైనా పడి ముందుపళ్లకు దెబ్బ తగిలి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి. అలాంటి పళ్ల వేర్లు కరిగే అవకాశం ఎక్కువ.