కవితలో అంకె ఎవరిది?

ప్రశ్న: మాది బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం. బనశంకరిలో అమ్మతోనూ మా తమ్ముడి సంసారంతోనూ ఉంటున్న నాన్నగారు 2021 మే నెలలో కోవిడ్‌తో పోయారు. నేను అప్పుడు విజయనగరలో క్వారంటైన్‌లో ఉన్నాను. ఆ రోజుల్లో రాసుకున్న చిన్న కవితలన్నిటికీ అంకెలే ఆధారం. మూడింటిని పంపుతున్నాను. ‘లెక్కలు కవిత్వమవుతాయా?’ అని తెలిసిన పెద్దాయన ఒకరు అడిగారు. అంకెలు తీసేసి మళ్ళీ రాయాలా? పదేళ్ళ తరువాత చదివేవారికి ఇవి అర్థమవుతాయా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అంకెలను తీసేయకండమ్మా. మన పూర్వకవులకూ శాసనాలు రాసినవారికీ అంకె పరాయిది కాదు. చంద్రుడంటే 1, నేత్రాలంటే 2, అగ్నులంటే 3, వేదాలంటే 4, బాణాలంటే 5, గగనమంటే సున్న అనుకొని, కుడి నుంచి ఎడమకు చదువుకొనేలా శకసంవత్సరాన్ని పద్యంలోనే ఇమిడ్చేవారు. ఆ పద్ధతిలో 2020ని ‘గగన నేత్ర గగన నేత్ర’ అనవచ్చు. అంకెకు కంటికి కనబడే రూపమొకటి ఇచ్చాకనే వారు దానిని పద్యంలోకి రానిచ్చారు. మీ మూడు కవితల మధ్య తేడా కూడా అక్కడే ఉంది.

మొదటిది చూడండి.

తొంభై నాలుగని
ఫోనులో అమ్మ చెప్పింది
ఆ వేలు
నాన్నది కాదు

ఆక్సిమీటరు 94 కంటే తక్కువ చూపిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలని ఆ వేసవిలో ఇంటింటా తెలుసు. రాలేని కూతురు బెంగపడకూడదని ఆ తల్లి తన వేలు పెట్టి చూసి ఆ అంకె చెప్పిందన్న సంగతిని మీరు ఎక్కడా వివరించలేదు, భయమన్న మాట కూడా వాడలేదు; అయినా ఆ ఇంట్లో ఏం జరుగుతున్నదో మాకు పూర్తిగా తెలిసిపోయింది. ఇందులో ఒక్క అక్షరం కూడా మార్చవద్దు. అంకెను అక్షరాల్లో రాయడమూ సరైనదే, ఎందుకంటే అది మీరు చెవితో విన్నది. ఆచార్య ఎన్. గోపి ప్రవేశపెట్టిన ‘నానీ’ అనే చిన్న కవితకు నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు నియమం. ఇందులో 22 ఉన్నాయి.

రెండవది ‘లక్షల కేసులు, వేల మరణాలు, దేశం ఏడుస్తోంది’ అని సాగుతుంది. దీనిని పక్కన పెట్టండి. 2021 మే 1న దేశంలో ఒక్కరోజు కేసులు 4 లక్షలు దాటాయని పత్రికలు రాశాయి; అది చరిత్రకు కావలసిన సంఖ్యే కానీ, అందులో మీ నాన్నగారు కనబడరు. అంతకంటే, ఆసుపత్రిలో పడక కోసం ఈ నగరంలో అందరూ ఎదురుచూసిన బీయూ నంబరు, అంటే కోవిడ్ రోగికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, గురించి రాయండి. అంత్యక్రియలకు 20 మందికి మించి రాకూడదని 2020 మార్చిలోనే నిబంధన వచ్చింది. రెండవ ఉప్పెన నాటికి ఆ కొద్దిమందికీ రావడానికి భయమేసింది. ‘నువ్వు రావద్దు’ అని ఏ మేనత్తకు ఫోను చేయవలసి వచ్చిందో, ఆవిడ ఏమన్నదో, అది మీరు మాత్రమే రాయగలరు.

మూడవది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది.

ఐదు కంచాలు కడిగి
నాలుగు బోర్లించింది
అమ్మ
ఐదోది చేతిలోనే

పదేళ్ళ తరువాతే కాదు, కోవిడ్ అంటే ఏమిటో ఎరగని పాఠకునికి కూడా ఇది అందుతుంది. తొంభై నాలుగు కవితకు మాత్రం కాలమూ చోటూ చెప్పే సాయం కావాలి. దాని కింద ‘బెంగళూరు, మే 2021’ అని వేస్తే చాలు. అధస్సూచిక (ఫుట్‌నోట్) రాస్తే కవిత చచ్చిపోతుంది.

ఒక్క మాట మిగిలింది. మొదటి కవిత మీ అమ్మగారు దాచుకున్న విషయాన్ని బయటపెడుతోంది. అచ్చుకు ఇచ్చే ముందు దానిని ఆవిడకు చదివి వినిపించండి. ఆవిడ వద్దంటే అది మీ నోటుపుస్తకంలోనే ఉండనివ్వండి, కంచాల కవితను మాకు పంపండి. సరేనంటే రెండూ ఒకే పుటలో, ఇదే వరుసలో వేసుకుందాం.