17×9 రిమ్ముకి 225 వద్దు, 245/40 వేసుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: మొదటి జనరేషన్ టయోటా 86, సస్పెన్షన్ అంతా స్టాకే (కంపెనీ ఇచ్చినదే), కారు కిందకి దించలేదు, 17×9 (17 అంగుళాల రిమ్ము, 9 అంగుళాల వెడల్పు) ఆఫ్‌సెట్ +42 (రిమ్ము మధ్య గీత నుంచి హబ్‌కి ఆనే చోటు ఎన్ని ఎంఎం బయటికి ఉందో ఆ అంకె) అలాయ్స్ ఆల్రెడీ కొనేశారు, ఇప్పుడు వాటి మీద 225/45, 235/45, 245/40లో ఏది వేయాలి, ఎవరో 255/40 కూడా పడతాయి అన్నారు నిజమేనా అని. నా 86కి కూడా సరిగ్గా ఇవే కొలతల రిమ్ములు, 245/40 ఆర్17 తోనే నడుపుతున్నా, కాబట్టి జవాబు ముందే చెప్పేస్తా బ్రదర్: 245/40. ఎందుకో కింద చదవండి, కొంచెం పొడుగే.

అందరూ ఫెండర్‌లో పడుతుందా లేదా అనే దగ్గర మొదలుపెడతారు గానీ అంతకంటే ముందు ఆ టైరు ఆ రిమ్ము మీద కూర్చోవచ్చా అనేది చూడాలి. ప్రతి సైజుకీ ఎంత వెడల్పు రిమ్ము వాడొచ్చో టైరు కంపెనీ స్పెక్ షీట్‌లోనే ఉంటుంది. 225/45 ఆర్17కి మామూలుగా 7 నుంచి 8.5 అంగుళాలు, మీది 9, అంటే ఆ సైజు గురించి ఇంక మాట్లాడుకోనక్కర్లేదు. స్ట్రెచ్ లుక్ కోసం వేసేవాళ్ళు ఉన్నారు, చూశాను, కానీ సైడ్‌వాల్ లోపలికి వాలిపోయి రిమ్ము అంచు టైరు కంటే బయటికి వచ్చేస్తది, ఫుట్‌పాత్ అంచుకి తగిలితే ముందు గీసుకుపోయేది రిమ్మే, గుంతలో పడితే దెబ్బ తినేదీ రిమ్మే. 235/45కి 7.5 నుంచి 9 వరకు, అంటే మీ రిమ్ము చివరి అంచున ఉంది, పడుద్ది గానీ దానికి ఇంకో సమస్య ఉంది, చెప్తా. 245/40కి 8 నుంచి 9.5, హాయిగా మధ్యలో ఉంది.

ఆ ఇంకో సమస్య డయామీటర్. లెక్క ఈజీనే, టైరు సైజులో మొదటి అంకె వెడల్పు ఎంఎంలో, రెండోది సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, ఆర్ తర్వాతది రిమ్ము అంగుళాలు, వెడల్పులో ఆ శాతం తీసి రెండింతలు చేసి రిమ్ముని 25.4తో గుణించి కలపడమే. స్టాక్ 215/45 ఆర్17 తీసుకుంటే 215లో 45 శాతం 96.75, రెండు వైపులా 193.5, దానికి 17 అంగుళాలంటే 431.8 కలిపితే సుమారు 625 ఎంఎం. అదే లెక్కలో 245/40 దాదాపు 628, స్టాక్ కంటే అర శాతం కూడా ఎక్కువ కాదు. 225/45 అయితే 634, 255/40 అయితే 636, 235/45 అయితే 643, అంటే దాదాపు 3 శాతం ఎక్కువ. 3 శాతం లోపు ఉంటే ఓకే అని అందరూ చెప్పే రూల్ ఒకటి ఉంది కదా, అది మీటర్ వరకు ఓకే, కానీ ఈ కారులో 643 అంటే టైరు అంచు అన్ని వైపులా 9 ఎంఎం ముందుకొచ్చినట్టు, దానికి తోడు వెడల్పు పెరిగింది, స్టీరింగ్ ఫుల్లుగా తిప్పినప్పుడు లైనర్‌కి (ఫెండర్ లోపలి ప్లాస్టిక్ కవర్) తగిలేది ఆ 9 ఎంఎమ్మే. పైగా ఈ కారు 2.0 లీటర్ ఇంజన్‌కి కింద ఆర్‌పీఎంలో టార్క్ అంతంత మాత్రం, పెద్ద టైరు వేసి గేరింగ్ ఇంకా పొడుగు చేసుకోవడం దేనికి.

స్పీడోమీటర్ గురించి భయపడేవాళ్ళకి ఒక మాట, ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 ప్రకారం మీటర్ అసలు స్పీడ్ కంటే తక్కువ చూపించకూడదు, ఎక్కువ చూపించొచ్చు, అది కూడా 10 శాతం ప్లస్ గంటకి 4 కిలోమీటర్ల వరకు. అందుకే చాలా కార్ల మీటర్లు కొంచెం ఎక్కువే చూపిస్తాయి. 245/40తో ఆ తేడా మీకు కనిపించదు కూడా.

ఇప్పుడు అసలు విషయం, స్థలం. ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్‌లో స్టాక్ 17×7 +48, కొత్తది 17×9 +42 అని కొడితే లోపలికి 19 ఎంఎం, బయటికి 31 ఎంఎం అని చూపించి గుండె ఆపేస్తుంది. అది రిమ్ము అంచు లెక్క. టైరుకి పొట్ట ఉంటుంది, తగిలేది అదే, రిమ్ము కాదు. 245/40 వెడల్పు 8.5 రిమ్ము మీద సుమారు 248 ఎంఎం, రిమ్ము అర అంగుళం పెరిగితే టైరు ఓ 5 ఎంఎం వెడల్పు అవుద్ది, అంటే మీ 9 మీద దాదాపు 253. ఇందులో సగం తీసుకుని ఆఫ్‌సెట్ కలిపి స్టాక్ టైరుతో పోల్చితే స్ట్రట్ (చక్రం లోపలి పక్కన స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే స్తంభం) వైపు 14 ఎంఎం దగ్గరవుద్ది, బయటికి 26 ఎంఎం పోద్ది. ఇవి కాగితం మీద లెక్కలు, ఒకే 245 అని రాసి ఉన్నా ఒక కంపెనీది సన్నగా ఇంకోదానిది బండగా ఉంటుంది, ముఖ్యంగా ట్రెడ్‌వేర్ (అరుగుదల) 200 రేటింగ్ ఉన్న ట్రాక్ టైప్ టైర్లు భుజాలు చతురస్రంగా, రాసిన దానికంటే లావుగా కనిపిస్తాయి, కాబట్టి మీరు కొనబోయే మోడల్ అసలు సెక్షన్ వెడల్పు ఎంతో స్పెక్ షీట్‌లో చూసుకోండి.

బయట 26 ఎంఎం అంటే స్టాక్ కాంబర్‌తో (కాంబర్ అంటే చక్రం నిలువుగా కాకుండా వాలి ఉండే కోణం, మైనస్ అయితే పై అంచు లోపలికి) ముందు టైరు ఫెండర్ అంచు దాటి కొంచెం కనిపిస్తుంది. అందుకే ముందు కాంబర్ పెంచుకోవాలి, నాది మైనస్ 2 డిగ్రీల దగ్గర పెట్టించా. ఒక్కో డిగ్రీకి టైరు పై అంచు కనీసం 5 ఎంఎం లోపలికి వాలుద్ది. ఇక్కడే ఒక కిటుకు ఉంది, చాలామంది అలైన్‌మెంట్ వాళ్ళు కూడా చెప్పరు. కాంబర్ తెచ్చే దారులు రెండు, స్ట్రట్ కింద నకిల్ (చక్రం హబ్‌ని పట్టుకునే భాగం) దగ్గర వేసే కాంబర్ బోల్ట్ ఒకటి, స్ట్రట్ పై చివర వేసే కాంబర్ ప్లేట్ ఒకటి. కింద బోల్ట్‌తో తిప్పితే స్ట్రట్ ఉన్న చోటే ఉంటుంది, చక్రం ఒక్కటే దానివైపు వాలుద్ది, అంటే లోపల మిగిలిన ఆ కాస్త గ్యాప్ కూడా తినేస్తుంది. పైన ప్లేట్‌తో అయితే స్ట్రట్, చక్రం రెండూ కలిసి వాలతాయి కాబట్టి మధ్యలో గ్యాప్ మారదు. 245 వరకు బోల్ట్‌తో నెట్టుకురావచ్చు, నా స్ట్రట్‌కీ టైరుకీ మధ్య చిటికెన వేలు దూరేంత మిగిలింది. 255/40 పడతాయి అన్నాయన అబద్ధం చెప్పలేదు, కానీ ఆయనకి కచ్చితంగా ప్లేట్లు ఉండి ఉంటాయి, అడిగి చూడండి. స్టాక్ సస్పెన్షన్ మీద ఇంకో 3, 4 ఎంఎం అటూ ఇటూ పోగొట్టుకుని మీకు దొరికేది ఏమీ లేదు. వెనక డబుల్ విష్‌బోన్ అనే వేరే రకం సస్పెన్షన్, అక్కడ స్టాక్‌లోనే కొంచెం నెగటివ్ కాంబర్ ఉంటుంది, 245తో నాకైతే వెనక ఏ గొడవా రాలేదు.

నాలుగూ ఎక్కించేయకండి. మొదట ఒక టైరు మాత్రమే రిమ్ము మీద వేయించి కారుకి ముందు వైపు బిగించి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. నా కారులో ఎక్కడ తగిలిందంటే ముందు బంపర్, ఫెండర్ లైనర్ కలిసే మూల, అక్కడ స్క్రూ ఉండే చిన్న ప్లాస్టిక్ ట్యాబ్ ఉంటుంది, రివర్స్‌లో ఫుల్ లాక్ కొడితే కర్రుమని రాసుకునేది, తర్వాత లైనర్ మీద అక్కడ మాత్రం నున్నగా నల్లగా మెరిసే గీత పడింది. ట్యాబ్‌ని వెనక్కి మడిచి లైనర్‌ని హీట్ గన్‌తో కొంచెం నొక్కితే పోయింది. స్ట్రట్ వైపు డౌట్ ఉంటే పిల్లలు ఆడుకునే రంగు మట్టి ముద్ద ఒకటి స్ట్రట్ మీద అంటించి, కారు దించి, మెల్లగా ఒక చుట్టు వేసి చూడండి, ఎంత నలిగిందో ఎంత మిగిలిందో అదే చెప్తుంది. వెనక ఇద్దరిని కూర్చోబెట్టి స్పీడ్ బ్రేకర్ మీద కూడా ఒకసారి, ఖాళీ కారుతో టెస్ట్ టెస్ట్ కాదు.

మిగతావి త్వరగా. పీసీడీ (నట్ల సంఖ్య, అవి ఉండే వలయం వ్యాసం) 5×100, సెంటర్ బోర్ (రిమ్ము మధ్య రంధ్రం) 56.1, బయటి రిమ్ముల బోర్ 73.1 లాంటి పెద్ద సైజులో ఉంటే ఆ ఖాళీ నింపే హబ్ రింగులు తీసుకోండి. నట్లు ఎం12×1.25, ఇది జాగ్రత్త, బ్యాడ్జి టయోటాదే అయినా ఈ కారు తయారయ్యేది సుబారు ఫ్యాక్టరీలో, వేరే టయోటాలకి వాడే 1.5 పిచ్ నట్లు తెచ్చి బలవంతంగా బిగిస్తే స్టడ్ మర పోద్ది. టార్క్ 120 న్యూటన్ మీటర్లు, కొంత దూరం నడిపాక మళ్ళీ ఒకసారి చెక్ చేయండి. లోడ్ ఇండెక్స్ స్టాక్ 87 అంటే టైరుకి 545 కిలోలు, 245/40లో 91 అంటే 615, కాబట్టి అక్కడ భయం లేదు. సైడ్‌వాల్ మీద డాట్ కోడ్ చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం, 2319 అంటే 2019లో 23వ వారం, డిస్కౌంట్ అని పాత స్టాక్ అంటగడతారు. నాలుగూ ఒకే సైజు వేసుకోండి, ముందు వెనక మార్చుకోవచ్చు, అరుగుదల సమానంగా ఉంటుంది.

డ్రైవింగ్‌లో ఏం మారుద్దో కూడా చెప్పాలి కదా. ఈ కారుకి 17 అంగుళాల స్టాక్ టైరుగా మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ వచ్చేది, ప్రియస్ టైర్లు అని జనం వెక్కిరించేవాళ్ళు, కానీ ఆ తక్కువ గ్రిప్‌తోనే వెనక సరదాగా జారేది, 200 హార్స్‌పవర్‌కి అది చాలు. 245 మంచి కాంపౌండ్ వేశాక బ్రేకింగ్, మలుపులు ఎక్కడికో వెళ్ళిపోయాయి, నిజం, కానీ ఆ జారుడు సరదా పోయింది, స్టీరింగ్ కొంచెం బరువెక్కింది, రోడ్డు మీద గాడి ఎటుంటే అటు లాగుతుంది. ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళకి ఇది లాభమే. మీరు వీకెండ్ రోడ్డు డ్రైవింగ్ మాత్రమే అయితే, 225 వెడల్పే ఇష్టమైతే, రిమ్ములు ఇంకా వాడలేదు కదా, మార్చుకునే వీలుంటే 17×8 +45 తీసుకుని దాని మీద 225/45 వేసుకోండి. స్ట్రట్ వైపు ఓ 5, 6 ఎంఎం, బయటికి 11, 12 ఎంఎం తప్ప ఏమీ మారదు, కాంబర్ ముట్టుకోనక్కర్లేదు, ట్యాబ్ మడవక్కర్లేదు.