టెక్ సందేహాలు: ఇంటూ గుర్తు నొక్కితే ఇంకో యాడ్

ప్రశ్న: మాది పూతరేకుల వ్యాపారం. సంక్రాంతికి వెబ్‌సైట్లలో బ్యానర్ ప్రకటన ఇద్దామని, మాకు ఫ్లెక్సీలు చేసిపెట్టే కుర్రాడితోనే డిజైన్ చేయించాం. అప్‌లోడ్ చేస్తే సైజు కుదరలేదని వెనక్కి కొట్టింది. అసలు ఎన్ని సైజులు చేయించాలి? – ఆత్రేయపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: మూడు చాలు. నెట్‌లో వెతికితే ఇరవై ముప్ఫై సైజుల పట్టికలు దొరుకుతాయి. వాటిలో చాలావాటిని ఇప్పుడు ఎవరూ వాడట్లేదు. 468×60 అనేది ఒకప్పుడు ఎక్కడ చూసినా ఉండేది, ఇప్పుడు పాత టెంప్లేట్లలోనే మిగిలింది. అయినా డిజైనర్లు ప్యాకేజీలో కలిపి దానికీ డబ్బులు తీసుకుంటున్నారు.

మీరు ముందు చేయించాల్సింది 300×250. వెడల్పు 300 పిక్సెళ్లు, ఎత్తు 250. వార్త మధ్యలో ఇమిడిపోతుంది, ఫోన్లోనూ కంప్యూటర్లోనూ పనిచేస్తుంది. రెండోది ఫోన్ల కోసం 320×100. ఇందులో సగం ఎత్తుండే 320×50 చవకే కానీ, మీ సరుకు ఫొటో అందులో పట్టదు. మూడోది కంప్యూటర్లో పేజీ పైభాగాన అడ్డంగా కనిపించే 728×90. పక్కన నిలువుగా వచ్చే 160×600, 300×600, పెద్ద సైట్ల నెత్తిన కూర్చునే 970×250 డబ్బున్న కంపెనీల వ్యవహారం. పండగ వారం రోజులకు మీకు అవసరం లేదు.

ఇక డిజైన్ సంగతి. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అని మీ కుర్రాడు పట్టుబడితే వినకండి, తెరమీద దానితో పనిలేదు. ప్రింటింగ్‌కు వాడే సీఎంవైకే రంగుల్ని తెరలకు వాడే ఆర్‌జీబీలోకి మార్చమనండి, లేకపోతే ఎరుపు వెలిసిపోయినట్టు కనపడొచ్చు. గూగుల్ ద్వారా వేసే బొమ్మ ప్రకటన 150 కేబీ దాటకూడదు. కదిలే జిఫ్ అయితే 30 సెకన్లలో ఆగిపోవాలి. ప్రింటింగ్ పనికి వాడే పాతరకం అను ఫాంట్లలో కొట్టిన అక్షరాలు జేపీజీగా మారాక ఇబ్బంది లేదు. కోడ్‌తో కట్టే హెచ్‌టీఎంఎల్5 బ్యానర్‌లో వాటిని నేరుగా అక్షరాలుగా పెడితే మాత్రం చూసేవాళ్లకు పిచ్చి గుర్తులు వస్తాయి. అన్ని ఫోన్లలోనూ చదవగలిగే యూనికోడ్‌లో కొట్టించండి.

మీరు జతచేసిన బ్యానర్ చూశాను. ఫ్లెక్సీ మీద ఎమ్మెల్యే మొదలు వార్డు మెంబరు దాకా అందరి ఫొటోలూ పట్టించే అలవాటు ఇక్కడా పోలేదు. 90 పిక్సెళ్ల ఎత్తులో షాపు పేరు, మీ నాన్నగారి ఫొటో, పూతరేకుల డబ్బా, రెండు ఫోన్ నంబర్లు, ఆఫర్, అడ్రసు! తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వొత్తు ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ లైను పట్టినచోట తెలుగు లైను పట్టదు. ‘స్వచ్ఛమైన నెయ్యితో’ అన్న మాటలో ‘చ్ఛ’ కింది వొత్తు మీ బ్యానర్‌లో నల్ల చుక్కలా మిగిలింది. ఒక ఫొటో, పేరు, నాలుగు మాటలు ఉంచి మిగతావన్నీ తీసేయండి. నంబర్లూ అడ్రసూ బ్యానర్ నొక్కితే వచ్చే పేజీలో పెట్టుకోవచ్చు.

ఇంకోటి. ‘లక్ష వ్యూస్ గ్యారంటీ’ అనే ఏజెంట్లతో జాగ్రత్త. ఈ వ్యాపారంలో అందరూ ఒప్పుకున్న లెక్క ప్రకారం బ్యానర్‌లో సగం పిక్సెళ్లు తెరమీద ఒక్క సెకను ఉంటే అది ‘చూసినట్టే’. 970×250 అంత పెద్దవాటికైతే 30 శాతం కనపడితే చాలు. చదివేవాళ్లు నిజంగా చూశారా, వేలితో పైకి తోసేశారా అన్నది ఆ లెక్కలో రాదు. ఎంతమంది నొక్కారు, నొక్కినవాళ్లలో ఎంతమంది ఫోన్ చేశారు అని అడగండి.

ప్రశ్న: ఫోన్లో వార్త చదువుతుంటే కింద ఒక యాడ్ అంటుకుని ఉంటుంది. మూద్దామని ఇంటూ నొక్కితే వేరే పేజీ తెరుచుకుంటోంది. ప్రతిసారీ ఇంతే. నా వేళ్లు లావా, ఫోన్ పాతదా? – ఖమ్మం నుంచి ఒక టీచర్

జవాబు: రెండూ కాదండీ. ఈ ఉత్తరం ఊరు మార్చుకుని వారం వారం వస్తూనే ఉంది, అందుకే కొంచెం కోపంగానే రాస్తున్నాను.

వేలితో నొక్కే బటన్ కనీసం 48 యూనిట్ల వెడల్పు, ఎత్తు ఉండాలని ఆండ్రాయిడ్ డిజైన్ నిబంధనలే చెబుతాయి. యాపిల్ 44 అంటుంది. మీ తెర కింద అంటుకున్న బ్యానర్ అదే కొలతలో 320×50. అంటే మొత్తం బ్యానర్ ఎత్తే ఒక బటన్ అంత. దాని మూలన ఆవగింజంత ఇంటూ పెట్టి, తప్పు నొక్కితే మీ వేలిదే పొరపాటు అన్నట్టు మాట్లాడతారు. ఆ తప్పు నొక్కులకు కూడా ఎవరో డబ్బు కడుతున్నారు. పై ఉత్తరం రాసిన పూతరేకులాయన లాంటివాళ్లే!

రెండో రకం ఇంతకంటే మోసం. అందులో ఇంటూ గుర్తు బటనే కాదు, బొమ్మలో గీసిన గీత. ఎక్కడ నొక్కినా ఒకటే. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ (వినియోగదారుణ్ని మోసగించే డిజైన్లు) మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాల మాయలను నిషేధించింది. ఇంటూ నొక్కితే మూసుకోకుండా ఇంకో యాడ్ తెరుచుకోవడాన్ని అందులో ఉదాహరణగానే రాశారు. రూల్ ఉంది. మీ ఫోన్ దాకా రాలేదు, అంతే.

మూడోది, యాడ్ ఆలస్యంగా వచ్చి తోయడంతో చదువుతున్న లైను ఉన్నట్టుండి కిందికి జారి, వేలి కిందికి యాడ్ రావడం. దీనికి మాత్రం క్షమాపణ లేదు. యాడ్ సైజు 300×250 అని సైట్ కట్టినవాళ్లకు ముందే తెలుసు. ఆ మేరకు ఖాళీ వదలడానికి ఒకట్రెండు లైన్ల కోడ్ చాలు. సైజులన్నీ ఒక పద్ధతిలో పెట్టుకుని కూడా ఆ మాత్రం చేయనివాళ్లను బద్ధకస్తులనాలో, కావాలనే చేస్తున్నారనాలో మీరే చెప్పండి.

మీరు చేయగలిగింది ఒకటే. యాడ్‌ను మూయాలని చూడకండి. పైకి జరిపి చదువుకోండి, లేదా ట్యాబే మూసేయండి. ఇక లాక్ స్క్రీన్ మీదా, ఫైల్ మేనేజర్లోనూ యాడ్లు వేసే చవక ఫోన్ల గురించి ఏం చెప్పను? డబ్బులిచ్చి కొన్న వస్తువులో వాళ్లు గోడ బాడుగకు ఇచ్చుకోవడం అది. సెట్టింగ్స్‌లో ‘రికమెండేషన్స్’ అని ఎక్కడెక్కడుంటే అక్కడ ఆపేయండి. పెద్ద అప్‌డేట్ వచ్చాక మళ్లీ చూసుకోండి, కొన్ని వాటంతటవే ఆన్ అవుతుంటాయి.

ప్రశ్న: ఇంటర్ ఫలితాల రోజు మా వాడు ఏదో ప్రైవేటు సైట్లో మార్కుల మెమో కోసం ‘డౌన్‌లోడ్’ నొక్కాడు. ఒక యాప్ దిగితే ఇన్‌స్టాల్ కూడా చేశాడు. అప్పట్నుంచి నా ఫోన్లో బ్యాంకు ఓటీపీలు కనపడట్లేదు. టెన్షన్‌గా ఉంది. – కర్నూలు నుంచి ఒక తండ్రి

జవాబు: ఇది చదువుతూనే మొబైల్ డేటా, వైఫై ఆపేయండి. ఇంకో ఫోన్ నుంచి, కార్డు వెనక ఉన్న నంబరుకే బ్యాంకుకు చేసి ఖాతా, యూపీఐ ఆపించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో కూడా ఫిర్యాదు పెట్టండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఆ తర్వాత యాప్ పని పట్టండి. ముందు దాని పేరు, అది అడిగిన అనుమతులు ఇంకో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ నొక్కండి. ఆ బటన్ పనిచేయకపోతే డివైజ్ అడ్మిన్ యాప్స్, యాక్సెసిబిలిటీ రెండుచోట్లా దాన్ని ఆఫ్ చేసి మళ్లీ ప్రయత్నించండి. ఫొటోలు, కాంటాక్టులు భద్రం చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే గానీ నేనైతే ఆ ఫోన్లో బ్యాంకు యాప్ తెరవను. పాస్‌వర్డ్‌లు, పిన్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. తీసేశాక కూడా మెసేజ్‌లు రాకపోతే సిమ్ సంగతి కంపెనీ స్టోర్‌లో కనుక్కోండి.

మీ వాడిని తిట్టకండి. ఆ పేజీలో ఏముందో మీరే పంపిన స్క్రీన్‌షాట్‌లో చూశాను. ‘డౌన్‌లోడ్’ అని నాలుగు చోట్ల ఉంది. మూడు ఆకుపచ్చ బటన్లు, పెద్దవి, మెరుస్తున్నవి. మూడూ 300×250 డబ్బాల్లో వచ్చిన ప్రకటనలే. అసలు మెమో లింకు అన్నిటికంటే కింద, సన్నటి నీలం అక్షరాల్లో ఉంది.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఈ డబ్బాయే. సైటువాళ్లు చోటు మాత్రమే అమ్ముతారు. మీరు పేజీ తెరిచిన ఆ క్షణంలో వేలం జరిగి, ఎవరు ఎక్కువిస్తే వాళ్ల బొమ్మ వచ్చి పడుతుంది. మీకొచ్చిన ప్రకటన సైటు ఓనరు కళ్లారా చూసి ఉండడు. పక్క ఫోన్లో అదే చోట సబ్బు యాడ్ ఉండొచ్చు. ఫలితాల రోజున జనం ‘డౌన్‌లోడ్’ కోసమే వస్తారని మోసగాళ్లకు తెలుసు కాబట్టి, ఆ రోజుకు తగ్గ బటన్ గీసుకుని డబ్బా కొనుక్కుంటారు. చలానా పేరుతో, పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో తిరిగే ఏపీకే (యాప్) ఫైళ్లు చేసే పనే ఇవీ చేస్తాయి: ఎస్ఎంఎస్ అనుమతి తీసుకుని ఓటీపీలు వేరేవాళ్లకు పంపించడం.

ఒక ఊరట ఉంది. బటన్ నొక్కినంత మాత్రాన సాధారణంగా ఏమీ పోదు. ఫైలు దిగాలి, ‘తెలియని చోటి యాప్‌లు’ అని ఫోన్ హెచ్చరించాలి, దానికి సరే అనాలి, తర్వాత అనుమతులివ్వాలి. ఇన్ని మెట్లున్నాయి. మెమో అనేది పీడీఎఫ్. దానికి ‘ఇన్‌స్టాల్’ అన్న మాటే రాకూడదు, వస్తే అక్కడే ఆగిపోవాలి. వచ్చే ఏడాది ఫలితాలు బోర్డు సొంత సైట్లోనే చూడండి. మీరు ఆంధ్రాలో ఉన్నారు కాబట్టి ప్రభుత్వ సేవల మన మిత్ర వాట్సాప్ కూడా ఉంది. సైట్ నెమ్మదిగా వస్తోందని ప్రైవేటు సైట్లకు పరిగెత్తేకంటే అరగంట ఆగడం నయం.

ప్రశ్న: మా కాలేజీ వెబ్‌సైట్ కోసం పదేళ్ల కిందట చేయించిన కదిలే బ్యానర్లు ఇప్పుడు ఆడట్లేదు. ‘ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ చేయండి’ అని ఒక సైట్ చెబుతోంది. చేయమంటారా? – తెనాలి నుంచి ఒక లెక్చరర్

జవాబు: వద్దు. ఫ్లాష్‌ను (కదిలే బొమ్మల్ని ఆడించే పాత సాఫ్ట్‌వేర్) అడోబీ కంపెనీ 2020 డిసెంబరు 31తో ఆపేసింది, ఇప్పుడు దాని పేరుతో వచ్చే అప్‌డేట్ ఏదైనా దొంగదే. పాత సీడీలో అసలు ఫొటోలు, లోగో ఉంటే తీసి హెచ్‌టీఎంఎల్5లో మళ్లీ చేయించండి. ఫ్లాష్ ఫైళ్లు మాత్రం సైట్ నుంచి తీసేయండి.