లెఫెబ్వ్రేనా, లెఫెవ్రా?

సందేహం: ఒక అనువాద వ్యాస సంకలనానికి చివర పేర్ల సూచిక తయారు చేస్తున్నాను. ఒకే ఫ్రెంచ్ తత్త్వవేత్త పేరు ఒక వ్యాసంలో ‘హెన్రీ లెఫెబ్వ్రే’ అనీ, మరోదానిలో ‘లెఫెవర్’ అనీ, ఇంకోచోట ‘లెఫీవర్’ అనీ ఉంది. ఏది సరి? ఈ ఇంటిపేరుకి అర్థం ఉందా? మా అబ్బాయి ‘ఫీవర్ అంటే జ్వరమేగా’ అంటున్నాడు. సూచికలో ఏ అక్షరం కింద పెట్టాలి?
— ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: ‘ఆన్రి లెఫెవ్ర్’ అని రాయండి. ఫ్రెంచివాళ్లు మొదట్లోని హ పలకరు కాబట్టి హెన్రీ కుదరదు. అది ఇంగ్లండు రాజుల పేరు. ఇక ఇంటిపేరు రోమన్ లిపిలో ఎల్-ఇ-ఎఫ్-ఇ-బి-వి-ఆర్-ఇ. ఇందులో చివరి ఇ పలకదు, మధ్యలో బి కూడా పలకదు. ‘లెఫెబ్వ్రే’ అని రాసినవారు కనిపించిన ప్రతి అక్షరాన్నీ గౌరవించారు, అంతే. తెలుగు మాటకి చివర అచ్చు ఉంటే మనకి హాయి కనుక ‘వ్ర్’ అనే ముగింపు నోటికి కాస్త కష్టమే. అయినా వోల్టేర్, రూసో అంటూ మన పెద్దలు చెవికి వినబడినట్టే రాసుకున్నారు. కంటికి కనిపించినట్టు రాసి ఉంటే ‘వోల్టైరే’, ‘రౌస్సియావు’ అని చదువుకుంటూ ఉండేవాళ్లం.

మీ అబ్బాయి ఊహ సరదాగా ఉంది కానీ, జ్వరానికీ ఈ పేరుకీ చుట్టరికం లేదు. ఫ్రెంచిలో జ్వరం ‘ఫియెవ్ర్’, అది లాటిన్ ‘ఫెబ్రిస్’ నుంచి వచ్చింది. మన పేరు లాటిన్ ‘ఫాబెర్’ నుంచి వచ్చింది. ఫాబెర్ అంటే చేతిపనివాడు: కొయ్య, లోహం లాంటి గట్టి వస్తువులతో పనిచేసేవాడు. వడ్రంగినీ ఆ మాటతోనే పిలిచేవారు, ఇనుము పని చేసేవాణ్నీ ఆ మాటతోనే పిలిచేవారు. రానురాను ఫ్రాన్సులో అర్థం కమ్మరి దగ్గర స్థిరపడింది. పాత ఫ్రెంచిలో కమ్మరిని ‘ఫెవ్ర్’ అనేవారు. ‘లె’ అన్నది ఇంగ్లీషు ‘ది’ లాంటి ఉపపదం. కాబట్టి లెఫెవ్ర్ అంటే ‘ఆ కమ్మరి’. ఇప్పటి ఫ్రెంచిలో కమ్మరిని ‘ఫోర్జరొఁ’ అంటారు. ఇది కొలిమిశాల అనే అర్థం గల ‘ఫోర్జ్’ నుంచి పుట్టింది. ఆ ఫోర్జ్ కూడా లాటిన్ ‘ఫాబ్రికా’ నుంచి, అంటే ఫాబెర్ కుటుంబం నుంచే వచ్చింది. పాత ‘ఫెవ్ర్’ ఒంటరి మాటగా వాడుకలోంచి తప్పుకుంది గానీ, కంసాలిని చెప్పే ‘ఒర్ఫెవ్ర్’ (బంగారు ఫెవ్ర్) లో నేటికీ బతికే ఉంది. ప్యారిస్ నేరపరిశోధన పోలీసులు 2017 వరకూ చాలాకాలం ఉన్న ఏటిగట్టు పేరు ‘కె దెజ్ ఒర్ఫెవ్ర్’, అంటే కంసాలుల రేవు.

మన ‘కమ్మరి’ మాట దారి కూడా దాదాపు ఇలాంటిదే. సంస్కృతంలో లోహకారుణ్ని ‘కర్మార’ అన్నారు, ఋగ్వేదంలోనే ఆ మాట ఉంది. ప్రాకృతంలో అది ‘కమ్మార’ అయింది, మన దగ్గర కమ్మరి అయింది. మూలంలో ఉన్నది ‘చేయడం’ అనే అర్థమే. అక్కడా ఇక్కడా, ‘చేసేవాడు’ అనగానే జనానికి మొదట గుర్తొచ్చింది సమ్మెట పట్టినవాడన్నమాట.

ఇప్పుడు పలకని ‘బి’ సంగతి. అసలు ఆసక్తి ఇక్కడే ఉంది. లాటిన్‌లో అచ్చు తర్వాత వచ్చే ‘బ్ర’ ఉత్తర ఫ్రాన్సు నోట ‘వ్ర’ అయింది. పెదవిని లాటిన్‌లో ‘లాబ్రుమ్’ అంటే ఫ్రెంచిలో ‘లెవ్ర్’ అంటారు. ఆ లెక్కనే ఫాబెర్‌కి విభక్తి రూపమైన ఫాబ్రుమ్ కాస్తా ఫెవ్ర్ అయింది. అంటే ఈ పేరు ఇంటిపేరుగా స్థిరపడే నాటికే బ-ధ్వని పోయి వందల ఏళ్లు. మరి అక్షరం ఎందుకు వచ్చి చేరింది? ఆనాటి రాతలో యు, వి అనేవి వేరువేరు అక్షరాలు కావు. ఒకే గుర్తు అచ్చుగానూ హల్లుగానూ పనిచేసేది. ‘ఫెవ్ర్’ అని రాస్తే ‘ఫ్యూర్’ అని చదివే ప్రమాదం ఉంది. దాంతో లేఖకులు ముందు ఒక బి పెట్టి, ‘తర్వాతది హల్లు సుమా’ అని చెప్పేవారు. పనిలో పనిగా లాటిన్ ఫాబెర్ తమకు తెలుసునని చూపించుకున్నట్టూ అయ్యేది. ఫిబ్రవరిని చెప్పే ‘ఫెవ్రియే’లోనూ, కర్తవ్యాన్ని చెప్పే ‘దెవ్వార్’లోనూ ఇలాగే బి దూర్చి రాసేవారు. మామూలు మాటల్లోంచి తర్వాత దాన్ని తీసేశారు. ఇంటిపేరుని దిద్దే అధికారం ఏ వ్యాకర్తకి ఉంటుంది?

మన అరసున్న గుర్తొస్తుంది కదూ! కానీ పోలిక సగం దూరమే నడుస్తుంది. ‘మూఁడు’లోని అరసున్న తెలుగు నోట ఒకప్పుడు నిజంగా పలికిన అనునాసికానికి గుర్తు. ఈ బి అలా కాదు, ఫ్రెంచి నోట పలుకుతూ ఉండగా మిగిలిపోయింది కాదు, పలకడం మానేశాక గుమాస్తాలు తెచ్చి పెట్టింది.

కథ అక్కడితో ఆగలేదు. జాగ్రత్త కోసం పెట్టిన ఆ బి కొందరిని కొత్త పొరపాటులోకి దించింది. వారు బిని పలికి, పక్కనున్న వి-ని యు అనుకుని ‘లెఫెబ్యూర్’ అని చదివారు. అదీ ఒక ఇంటిపేరై కూర్చుంది. 19వ శతాబ్దపు ప్యారిస్ ఆర్గాన్ విద్వాంసుడు లెఫెబ్యూర్-వెలీది ఈ రూపమే. ఈ ఒక్క రూపంలో మాత్రం బిని పలకాలి. అట్లాంటిక్ దాటాక మరో వింత జరిగింది. ఉత్తర అమెరికాలో కొన్ని లెఫెవ్ర్ కుటుంబాల పేరుని ‘ఫెవ్’ (చిక్కుడు గింజ) అనుకుని ఇంగ్లీషులోకి ‘బీన్’ అని మార్చారు. కమ్మరి చిక్కుడుగింజ అయిపోయాడు!

దక్షిణ ఫ్రాన్సులో ఇదే లాటిన్ మాట వేరే దారి పట్టింది. అక్కడ బ నిలిచిన రూపం ఫాబ్ర్. బ కరిగి ఉకారమైన రూపం ఫోర్, ఫోరే. ఆల్ప్స్ వైపు, స్విట్జర్లాండులోనూ ఫావ్ర్. దక్షిణాది వాళ్లకి ముందు ‘లె’ తగిలించే అలవాటు తక్కువ. కాబట్టి కీటకాల జీవితాన్ని రాసిన జఁ-ఆన్రి ఫాబ్ర్ (1823–1915), సంగీతకారుడు గాబ్రియెల్ ఫోరే (1845–1924), నెపోలియన్ సేనాని మార్షల్ లెఫెవ్ర్, ఈ ముగ్గురి ఇంటిపేర్లకీ మూలం ఒక్కటే. ఫ్రాన్సు వాయవ్య మూలన ఉన్న బ్రిటనీ ప్రాంతపు బ్రెటన్ భాషలో మాట వేరు, అక్కడ కమ్మరి ‘గోవ్’. చరిత్రకారుడు జాక్ లె గోఫ్ పేరు అందులోంచి వచ్చింది. లెఫెవ్ర్, ఫావ్ర్ లాంటివి ఫాబెరేనన్న సంగతి పండితులకి ముందే తెలుసు: బైబిలుని ఫ్రెంచిలోకి అనువదించిన జాక్ లెఫెవ్ర్ దేతాప్ల్ లాటిన్‌లో రాసేటప్పుడు తన పేరుని ‘ఫాబెర్’ అనే పెట్టుకున్నాడు. జెసూయిట్ సంఘ స్థాపకుడు ఇగ్నేషియస్ లయోలా తొలి సహచరుల్లో ఒకరైన పియెర్ ఫావ్ర్ కూడా లాటిన్‌లో ఫాబెరే.

ఇంత విస్తృతంగా ఎందుకుంది అంటారేమో. ఇంటిపేరు పుట్టేది వేరు చెప్పడానికి. ఊరంతా రైతులే ఉన్నచోట ‘రైతు పియెర్’ అంటే ఎవరో తెలియదు. కమ్మరి ఊరికి ఒకడో ఇద్దరో ఉంటారు, అందరికీ అతనితో పని ఉంటుంది. ఇంగ్లీషు స్మిత్, జర్మన్ ష్మిట్, ఇటాలియన్ ఫెరారీ, హంగేరియన్ కొవాచ్, అరబీ హద్దాద్ అన్నీ అలా వచ్చినవే. తెలంగాణలో కమ్మరి, కుమ్మరి ఇంటిపేర్లుగా ఉన్నాయి. కోస్తాలో ఊళ్ల పేర్లదే పైచేయి కాబట్టి అక్కడ ఈ రకం తక్కువ. ఫ్రాన్సులో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే ఇంటిపేరు మార్టెఁ (మనం మార్టిన్ అనేది). బి ఉన్న లెఫెవ్ర్ ఒక్కటే మొదటి 20 పేర్లలో ఉంటుంది, అదీ ముఖ్యంగా నోర్, పా-ద-కలే లాంటి ఉత్తర జిల్లాల బలంతో. బి లేని లెఫెవ్ర్, పశ్చిమాన లెఫొవ్ర్, ఫాబ్ర్, ఫోర్, ఫావ్ర్ అన్నీ కలిపితే మార్టెఁకు గట్టి పోటీయే.

ఒకే మాటకి ఇన్ని వర్ణక్రమాలు నిలిచిపోవడానికి ప్రభుత్వమూ ఒక కారణం. ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్సువా 1539లో చర్చి పూజారులు బాప్తిస్మాల రిజిస్టరు రాయాలని శాసనం చేశాడు. ఏ ఊరి పూజారి ఎలా విన్నాడో అలా రాశాడు. విప్లవకాలంలో, 1794 ఆగస్టులో, జనన పత్రంలో ఉన్న పేరు తప్ప వేరే పేరు పెట్టుకోరాదని చట్టం వచ్చింది. తప్పో ఒప్పో, రాసింది రాసినట్టు గట్టిపడింది.

సూచిక విషయానికి వస్తే, లెఫెవ్ర్ కలిపి రాసే పేరు కనుక ‘ల’ కిందే. విడిగా రాసే లె గోఫ్ కూడా ‘ల’ కిందే వస్తాడు. ఫ్రెంచివాళ్లు లె, లా అనేవాటిని ఇంటిపేరులో భాగంగానే లెక్కిస్తారు, లా ఫొంతేన్‌ని ‘ల’లోనే వెతుకుతారు. ‘ద’ మాత్రం వేరు: ఒనొరె ద బాల్జాక్ ‘బ’ కింద ఉండాలి. మీ సంకలనంలో పాత రూపాలే అచ్చై ఉంటే, ‘లెఫెబ్వ్రే – లెఫెవ్ర్ చూడండి’ అని ఒక నమోదు ఇవ్వండి.