గ్రీన్ టీ తాగుతున్నా నీరసం తగ్గడం లేదు.. ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 44. హన్మకొండలో ఒక ప్రైవేటు బడిలో టీచర్‌ను. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 70 కిలోలు. ఆరేళ్లుగా థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. మూడు నెలల కింద పరీక్షలు చేయిస్తే హిమోగ్లోబిన్ 9.6, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష) 6.1 వచ్చాయి. అప్పటి నుంచి ఐరన్ మాత్రలు వేసుకుంటూ, పాల చాయ్ మానేసి రోజుకు ఐదారు కప్పుల గ్రీన్ టీ తాగుతున్నాను. పొద్దున థైరాయిడ్ మాత్ర వేసుకున్న వెంటనే తేనె కలిపిన ఒక కప్పు, టిఫిన్‌కు బదులు ఇంకో కప్పు, మధ్యాహ్నం అన్నం తిని ఐరన్ మాత్ర వేసుకున్నాక మరో కప్పు తాగుతాను. కిలో బరువు తగ్గాను కానీ నీరసం పోలేదు. మొన్నటి పరీక్షలో హిమోగ్లోబిన్ 9.7 మాత్రమే ఉంది. గ్రీన్ టీ క్యాప్సూల్స్ వాడితే ఇంకా త్వరగా తగ్గుతావని తోటి టీచర్ చెబుతున్నారు. గ్రీన్ టీతో నిజంగా లాభం ఉందా?
- ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: నమస్కారమమ్మా. మీరు అడిగింది గ్రీన్ టీ గురించే అయినా, మీ ఉత్తరం చదువుతున్నప్పుడు నా దృష్టి మొదట పడింది మీ హిమోగ్లోబిన్ మీద. ఐరన్ మాత్ర సరిగా ఒంటబడితే నాలుగు వారాల్లోనే హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. మీకు మూడు నెలలు గడిచినా 9.6 నుంచి 9.7కు మాత్రమే కదిలింది. మీరు మాత్ర మానలేదు, నిర్లక్ష్యమూ చేయలేదు. మాత్ర వేసుకున్న కాసేపటికే దాని పనిని అడ్డుకునే పానీయాన్ని తెలియక తాగుతున్నారు.

టీ ఆకుకు వగరు రుచినిచ్చే పాలీఫినాల్స్ అనే పదార్థాలు పేగులో ఇనుముతో ముడిపడిపోయి, అది రక్తంలోకి చేరకుండా చేస్తాయి. గ్రీన్ టీకి మంచి పేరు తెచ్చిన పదార్థాలూ, ఇనుమును అడ్డగించే పదార్థాలూ ఒకటే కావడం వల్ల, మేలు కోరి తాగే కప్పే వేళ తప్పితే కీడు చేస్తుంది. మాంసంలోని ఇనుము మీద ఈ ప్రభావం తక్కువ; ఆకుకూరలు, పప్పులు, చిరుధాన్యాల్లోని ఇనుము మీద, మాత్రల మీద ఎక్కువ. పాల చాయ్ కూడా ఈ విషయంలో అమాయకమైనదేమీ కాదు. అన్నం తిని చేయి కడుక్కోగానే చాయ్ తాగే అలవాటు మన ఓరుగల్లు ప్రాంతంలో ఇంటింటా ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, భోజనానికి ముందు గంట, తర్వాత గంట టీ కాఫీలు ముట్టవద్దని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఇదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది కాబట్టి, ఈ మాట మీ ఒక్కరి కోసమే రాస్తున్నది కాదు.

థైరాయిడ్ మాత్ర విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతోంది. దానిని పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, తర్వాత అరగంట నుంచి గంట వరకు ఇంకేమీ తీసుకోకూడదు. మాత్ర సగంసగంగా ఒంటబడితే థైరాయిడ్ అదుపు తప్పి నీరసం, బరువు పెరగడం, నెలసరిలో అధిక రక్తస్రావం వస్తాయి. అంటే మీరు గ్రీన్ టీతో తగ్గించుకోవాలనుకుంటున్న బరువుకు, వేళ తప్పిన ఆ కప్పే కొంత కారణం కావచ్చు.

అందువల్ల రేపటి నుంచి మీ రోజును ఇలా మార్చుకోండి. ఉదయం ఆరింటికి థైరాయిడ్ మాత్ర నీళ్లతో వేసుకోండి. ఏడింటికి ఒక కప్పు గ్రీన్ టీ తాగవచ్చు. ఎనిమిదింపావుకు టిఫిన్ తప్పనిసరిగా తినండి. రెండు జొన్న రొట్టెలు పప్పుతోనో, ఉడికించిన గుడ్డుతోనో తింటే చాలు. పదకొండు గంటలకు బడిలో ఇంటర్వెల్ ఇచ్చినప్పుడు ఐరన్ మాత్రను చక్కెర వేయని నిమ్మరసంతో వేసుకోండి. అప్పటికి పొద్దుటి టీ తాగి నాలుగు గంటలు, థైరాయిడ్ మాత్ర వేసుకుని ఐదు గంటలు అవుతుంది. ఐరన్‌కూ థైరాయిడ్ మాత్రకూ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి కాబట్టి ఈ వేళ రెండింటికీ సరిపోతుంది. కడుపులో తిప్పినట్టు ఉంటే కొద్దిగా తిని వేసుకోండి కానీ పాలతో, టీతో మాత్రం వద్దు. క్యాల్షియం మాత్ర కూడా వాడుతుంటే దానిని రాత్రికి మార్చండి. బడి నుంచి వచ్చాక నాలుగున్నరకు రెండో కప్పు తాగి, ఆ రోజుకు అక్కడితో ఆపేయండి. భోజనంలో తోటకూర, సజ్జలు, పప్పులు ఉండేలా చూసుకుని, వాటితోపాటు నిమ్మకాయ పిండుకోవడమో, జామకాయ తినడమో చేస్తే వాటిలోని ఇనుము బాగా ఒంటబడుతుంది. మాంసాహారం తింటే వారానికోసారి మేక కార్జం తినవచ్చు.

ఇప్పుడు లాభాల సంగతికి వస్తాను. గ్రీన్ టీ అంటే వేరే మొక్క కాదు. మనం చాయ్ పెట్టుకునే అదే తేయాకును కోయగానే ఆవిరి మీదో, పెనం మీదో వేడి చేస్తే అది నల్లబడకుండా ఆగుతుంది. అందుకే క్యాటెచిన్లు అనే పాలీఫినాల్స్ అందులో ఎక్కువగా మిగులుతాయి. జపాన్‌లోని ఒసాకి ప్రాంతంలో 40 నుంచి 79 ఏళ్ల మధ్య వయసున్న 40,530 మందిని ఏళ్ల తరబడి గమనించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు ఐదు అంతకంటే ఎక్కువ కప్పులు తాగేవారిలో, ఒక కప్పు కూడా తాగని వారితో పోలిస్తే, గుండె, రక్తనాళాల జబ్బుల మరణాలు తక్కువగా కనిపించాయి. ఈ తేడా స్త్రీలలో మరింత స్పష్టంగా ఉంది. క్యాన్సర్ మరణాల్లో మాత్రం తేడా కనిపించలేదు. అయితే ఇది తాగేవారినీ తాగనివారినీ గమనించిన అధ్యయనమే తప్ప, గ్రీన్ టీ ఇచ్చి చేసిన ప్రయోగం కాదు. పైగా వారు తేనె, చక్కెర కలపకుండా, చేపలు కూరగాయలు ఎక్కువగా ఉండే భోజనం చేస్తూ దానిని తాగుతారు. నేరుగా చేసిన ప్రయోగాల్లో లాభం ఉన్నా అది చిన్నది. 14 ప్రయోగాలను కలిపి 2011లో చేసిన విశ్లేషణలో మొత్తం కొలెస్ట్రాల్ సగటున 7 మిల్లీగ్రాములు, చెడు కొలెస్ట్రాల్ 2 మిల్లీగ్రాములు తగ్గింది. బీపీ కూడా రెండు పాయింట్ల మేరకు తగ్గుతుంది. ఆహారానికీ నడకకూ తోడుగా ఇది మంచిదే, కానీ మందుకు బదులుగా నిలిచేంత ప్రభావం కాదు.

బరువు విషయంలో ఆశ ఇంకా తగ్గించుకోవాలి. వైద్య పరిశోధనలను క్రోడీకరించి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2012లో వెలువరించిన సమీక్షలో, గ్రీన్ టీ తయారీల వల్ల వచ్చిన తగ్గుదల పట్టించుకోదగినంత లేదని తేలింది. మరి మీకు తగ్గిన కిలో ఎక్కడిది? మీరు పాల చాయ్ ఎన్నిసార్లు తాగేవారో రాయలేదు. రోజుకు నాలుగుసార్లు, కప్పుకు రెండు చెంచాల చక్కెర వేసుకునేవారనుకుంటే ఎనిమిది చెంచాలు, అంటే 35 నుంచి 40 గ్రాములు, సుమారు 150 క్యాలరీలు. కలిపే చక్కెరలు రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. ఆ చక్కెర మానడమే మీరు చేసిన అసలైన మంచి పని, దానికి మిమ్మల్ని మనసారా మెచ్చుకుంటున్నాను. అందుకే తేనె కూడా వద్దంటున్నాను: ఒక చెంచా తేనెలో సుమారు 20 క్యాలరీలు ఉంటాయి, రక్తంలో చక్కెర పెంచడంలో అది చక్కెరకు దగ్గరి చుట్టమే. టిఫిన్ మానేసి తగ్గించుకున్న బరువు మాత్రం నిలవదు, పైగా రక్తం తక్కువున్న మనిషిని ఇంకా నీరసపెడుతుంది.

మీ హెచ్‌బీఏ1సీ 6.1 గురించి ఒక ముఖ్యమైన మాట. 5.7 నుంచి 6.4 వరకు మధుమేహానికి ముందు దశగా లెక్కిస్తారు. అయితే ఇనుము లోపం వల్ల వచ్చిన రక్తహీనతలో ఈ పరీక్ష ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది. కాబట్టి ఈ ఒక్క అంకెతో బెంగపడకుండా, పరగడుపున ఒకసారి, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు మరోసారి రక్త పరీక్ష చేయించుకోండి. రక్తం పెరిగాక హెచ్‌బీఏ1సీ మళ్లీ చూద్దాం.

క్యాప్సూల్స్ మాత్రం వద్దే వద్దు. కప్పులో తాగే టీ వేరు, ఆకు సారాన్ని చిక్కబరిచి క్యాప్సూల్‌లో నింపింది వేరు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో చేసిన పరిశీలనలో, ఇలాంటి క్యాప్సూల్స్ ద్వారా ప్రధాన క్యాటెచిన్‌ను రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్నవారిలో కాలేయ ఎంజైములు పెరిగినట్టు తేలింది. మామూలుగా కాచుకునే టీతో అలాంటి భయం లేదు. మీ తోటి టీచర్ ప్రేమతోనే చెప్పి ఉంటారు, ఆమె కూడా వాడుతుంటే ఈ మాట ఆమెకూ చెప్పండి.

తయారీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నీళ్లు మరిగించి దించి, రెండు మూడు నిమిషాలు ఆగి, ఆకు వేసి మరో రెండు నిమిషాలకు వడగడితే చేదెక్కదు. పొగలు కక్కేంత వేడిగా తాగకండి. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు అన్నవాహికకు మంచివి కావని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో హెచ్చరించింది. గ్రీన్ టీలోనూ కెఫీన్ ఉంటుంది. రాత్రి నిద్ర సరిగా పట్టకపోతే మీ నీరసానికి అదీ తోడవుతుంది. ఈ జవాబు చదివే ఇతరుల కోసం ఒక మాట: గర్భిణులు, గుండె కవాటం మార్పిడి వంటి కారణాలతో రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు తమ డాక్టర్‌ను అడగకుండా గ్రీన్ టీని ఎక్కువగా తాగకూడదు.

చివరగా, ఇనుము ఎందుకు తగ్గిందో తెలుసుకోకుండా మాత్రలతోనే నెట్టుకురావడం సరికాదు. మీ వయసులో స్త్రీలకు దీని ప్రధాన కారణం నెలసరిలో అధిక రక్తస్రావం. గర్భసంచిలో గడ్డలేమైనా ఉన్నాయేమో తెలుసుకోవడానికి ఒకసారి స్త్రీల వైద్య నిపుణురాలికి చూపించుకుని స్కానింగ్ చేయించుకోండి. పైన చెప్పిన వేళలు పాటిస్తూ నాలుగు వారాలకు రక్త పరీక్ష, ఎనిమిది వారాలకు థైరాయిడ్ అదుపులో ఉందో లేదో చెప్పే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ 10.7 దాటితే మాత్ర పనిచేస్తున్నట్టే. మామూలు స్థాయికి చేరాక కూడా మరో మూడు నెలలు కొనసాగించాలి. నాలుగు వారాలకు 10.7 దాటకపోతే ఆలస్యం చేయకుండా ఆ రిపోర్టులతో ఫిజీషియన్‌ను కలవండి, అప్పుడు ఇంజెక్షన్ ద్వారా ఐరన్ ఇవ్వాలా అన్నది వారు నిర్ణయిస్తారు.