కాళ్ల వాపు, ఆయాసం: నీటి మాత్ర మారిస్తే తగ్గుతుందా?

ప్రశ్న: మాది పరకాల. నాన్నకు 64 ఏళ్లు. గతంలో గుండెపోటు వచ్చింది, పంపింగ్ 30 శాతమే ఉందన్నారు. రోజూ నీటి మాత్ర లాసిక్స్ 40 మి.గ్రా. వేసుకుంటున్నా పది రోజుల్లో నాలుగు కిలోలు పెరిగారు. కాళ్లు వాచాయి, రాత్రిళ్లు కూర్చునే నిద్రపోతున్నారు. మోకాళ్ల నొప్పులకు ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలూ వాడుతున్నారు. లాసిక్స్ బదులు మరో నీటి మాత్ర టార్సెమైడ్ వేయవచ్చా?

జవాబు: పడుకుంటే ఊపిరి ఆడని స్థితిలో ఇంట్లో మాత్రలు మార్చి చూడటం సరికాదు. ఈ రోజే వరంగల్ ఎంజీఎంకు గానీ, గుండె వైద్యులున్న మరో ఆసుపత్రికి గానీ తీసుకెళ్లండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే 108కు ఫోన్ చేయండి.

ఒంట్లో నీరు చేరినప్పుడు పేగులు కూడా ఉబ్బుతాయి కాబట్టి మింగిన లాసిక్స్ రక్తంలోకి సరిగా చేరదు. అందుకే అదే మందును నరం ద్వారా, రోజువారీ మోతాదుకు తగ్గకుండా, అవసరమైతే రెట్టింపు ఇచ్చి, తొలి గంటల్లో ఎంత మూత్రం వచ్చిందో కొలిచి, చాలకపోతే ఇంకా పెంచుతారు. టార్సెమైడ్ రక్తంలోకి నిలకడగా చేరుతుందన్నది నిజమే కానీ, 2023లో వెలువడిన ట్రాన్స్‌ఫార్మ్-హెచ్‌ఎఫ్ అధ్యయనంలో ఈ రెండింటి మధ్య మరణాల్లో తేడా కనిపించలేదు. ఆ ఎంపిక నీరు దిగాక చేసుకోవచ్చు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మోకాళ్ల మాత్రలే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి ఉప్పును, నీటిని ఒంట్లో నిలిపివేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి, లాసిక్స్‌ను పనిచేయనివ్వవు. మాత్రల షీటు వెనుక చిన్న అక్షరాలు చదవండి. పైన ఏ పేరున్నా, పారాసిటమాల్‌తో పాటు వీటిలో ఒకటి కలిసి ఉండటం మామూలే. అలాంటివి ఆపేసి, షీటును డాక్టరుకు చూపించండి. నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే ఉన్న మాత్ర మేలు, అదీ నీళ్లలో పొంగే రకం కాదు, అందులో సోడియం ఎక్కువ.

బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వాడుతుంటే సొంతంగా ఆపకండి. కొత్తగా మొదలుపెట్టేదైతే మాత్రం నీరు దిగాకే, చిన్న మోతాదుతో. స్పైరోనోలాక్టోన్, డపాగ్లిఫ్లోజిన్, సకుబిట్రిల్-వల్సార్టాన్ ఆయనకు సరిపోతాయా అని డిశ్చార్జికి ముందే అడగండి. నీటి మాత్ర వాపు తీస్తుందే గానీ, బలహీనపడిన గుండెకు ఆయుష్షు పెంచేవి ఇవి. పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్ష), బీపీ చూసి నిర్ణయిస్తారు. రామిప్రిల్ వంటి ఏసీఈ ఇన్హిబిటర్ రకం బీపీ, గుండె మందు వాడుతుంటే, అది ఆపిన 36 గంటల తర్వాతే సకుబిట్రిల్ మొదలుపెట్టాలి.

ఇంటికొచ్చాక ఉప్పు ఎక్కువగా ఉండే తొక్కులు (పచ్చళ్లు), అప్పడాలు తగ్గించి, రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందే బరువు చూసి రాసిపెట్టండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే తదుపరి చెకప్ తేదీ వరకు ఆగకుండా వెళ్లండి.