పాత ఇంగ్లిష్ వెండి స్పూన్లు ఎప్పటివో, ఎవరు చేశారో ఎలా తెలుస్తుంది?

తాతగారి పెట్టెలో ఇంగ్లిష్ వెండి స్పూన్లు దొరికాయి, ఎప్పటివో, ఎవరు చేశారో ఎలా కనుక్కోవాలి అని అడిగారు. ముందు వాటిని పీతాంబరితో తోమడం ఆపండి. నగల షాపుకి అసలే తీసుకెళ్ళకండి.

కాకినాడలో మా అమ్మమ్మ పరమాన్నం వడ్డించే పెద్ద స్పూను ఒకటుండేది. దొరలు వెళ్ళిపోయేటప్పుడు వేలంలో తాతయ్య కొన్నాడట. మామయ్య తన కూతురి పెళ్ళికి దాన్నిచ్చేసి కుందులు తీసుకుందామని షాపుకి బయల్దేరితే నేనూ వెళ్ళాను. కౌంటర్లో కుర్రాడు వెనక్కి తిప్పి కూడా చూడకుండా గీటురాయి మీద రుద్దేసి, "పాత సరుకండీ, తరుగు ఎక్కువ పోతుంది" అంటూ కాటా మీద పడేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆలోచించుకుని వస్తామని చెప్పి మామయ్యని ఇంటికి లాక్కొచ్చాను.

వరండాలో వెలుతురుకి కూర్చుని, కాడ వెనక భూతద్దం పెట్టి చూస్తే ఐదు ముద్రలు. నడుస్తున్న సింహం ఉంది, అంటే నూటికి 92.5 పాళ్ళు వెండి. చిరుతపులి మొహం ఉంది, అంటే లండన్‌లో పరీక్ష చేశారు. లంగరు ఉంటే బర్మింగ్‌హామ్ అనుకోండి. తరవాత చిన్న బడి 'కె' అక్షరం. అక్షరం ఏటేటా మారుతుంది కానీ, అప్పట్లో లండన్‌లో ఇరవై అయిపోగానే మళ్ళీ మొదటికొచ్చేది. ఇలాంటి 'కె' 1785లో ఉంది, 1825లో ఉంది, 1905లోనూ ఉంది. చాలామంది ఇక్కడే అన్నిటికన్నా పాత సంవత్సరం పట్టుకుని సంబరపడిపోతారు. చిరుత నెత్తిన కిరీటం 1821 వరకే ఉండేది. దీనికి లేదు, కాబట్టి 1785 కాదు. పక్కనే రాజుగారి తల ఉంది. అది పన్ను కట్టారనడానికి గుర్తు, 1784 నుంచి 1890 దాకానే వేశారు. కాబట్టి 1905 కూడా కాదు. ఇక మిగిలింది 1825.

"ఏంట్రా అంతసేపు?" అన్నాడు మామయ్య. చెప్పాను. "ఇదిగో, రెండొందల ఏళ్ళదటే!" అని అత్తయ్యని కేకేశాడు. కుందులు వేరే డబ్బుతో కొన్నారు.

ఐదో ముద్ర 'డబ్ల్యూ.సి.' అప్పట్లో లండన్‌లో స్పూన్లకి పేరుపడ్డ విలియం చానర్‌ది. ఆయన పోయాక భార్య మేరీ 1834లో 'ఎం.సి.' అని సొంత ముద్ర నమోదు చేయించుకుని పని నడిపింది. ఒకే పొడి అక్షరాలు ఇద్దరు ముగ్గురికి ఉండేవి కాబట్టి అక్షరాల చుట్టూ ఉన్న గడి ఆకారం కూడా చూడాలి.

'ఈ.పి.ఎన్.ఎస్.' అని ఉంటే అది వెండి పూత మాత్రమే. ఒక్కో అక్షరాన్ని విడి గడిలో కొట్టి అసలు ముద్రల్లా కనిపించేలా చేసేవాళ్ళు, అది నాకు మోసంలాగే అనిపిస్తుంది. 'పి. ఓర్ అండ్ సన్స్' అని ఉంటే మద్రాసు మౌంట్ రోడ్డు కంపెనీది. ఏనుగు బొమ్మ ఉంటే కలకత్తా హామిల్టన్ వాళ్ళది అయి ఉండొచ్చు.

నా బాధ అసలు ఇది కాదు. మన కంసాలులు చేసిన పన్నీరుబుడ్లు, గంధం గిన్నెలు పనితనంలో ఆ చానర్ స్పూనుని మించినవి. వాటి మీద చేసినవాడి పేరుండదు. మన దేశంలో వెండికి హాల్‌మార్క్ వచ్చిందే 2005లో. పెళ్ళికి పెట్టిన కంచం మీద పేరు, తేదీ చెక్కించే అలవాటే లేకపోతే మన వెండికి ఆ కాస్త ఆధారం కూడా మిగిలేది కాదు. అలాంటి కంచాల్ని ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ అనగానే కరిగించడానికి ఇచ్చేస్తున్నారు. ఏ ఊరి కంసాలి చేశాడో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాసి పెట్టుకోండి.

మీ స్పూన్ల వెనక ముద్రల్ని పక్క నుంచి వెలుతురు పడేలా ఫోటో తీసి పెట్టండి. అరిగిపోయి ఉంటే ఒకసారి నోటితో ఆవిరి ఊది చూడండి, గీతలు తేలతాయి. ముద్రలు కాడ చివర కాకుండా కింద గుంట దగ్గర ఉంటే మాత్రం తప్పకుండా చెప్పండి, అవి దాదాపు 1780కి ముందువి.